సిమెంటు బాట గొంతు

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు, కాలనీ సంక్షేమ సంఘ అధ్యక్షులు శ్రీ పాండురంగం గారి సముఖమునకు,

పాండురంగం నమస్కరించి వ్రాసుకొను విజ్ఞప్తి. ఈ మొదటి పుట మీద తేదీ గాని, ఊరి పేరు గాని వేయడం లేదు. వ్రాసేవాడూ చదివేవాడూ ఒకడే అయినప్పుడు ఆ రెండింటితో పని లేదు. పదవీ విరమణ తరువాత నా చేతివ్రాతను చూసేవారు కరువయ్యారు. నల్లబల్ల లేదు, దిద్దడానికి జవాబు పత్రాలు లేవు. అందుచేత ఈ డైరీ మొదలుపెడుతున్నాను. వాక్యం పూర్తి కాకుండా పుట తిప్పరాదని ఒక నియమం పెట్టుకున్నాను. కొట్టివేతలు ఉండరాదని మరొకటి. అసత్యం వ్రాయరాదన్నది చెప్పనక్కరలేనిది.

ఇక విషయం. మా ఇంటి ముందరి లింకు రోడ్డుకు సిమెంటు కాంక్రీటు పోస్తున్నారు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి దీనిని సాధించినవాడను నేను. కనుక దీని చరిత్ర వ్రాసే బాధ్యత కూడా నాదే.

డిసెంబరు 4

నేడు మహిపాల్ కిరాణా దుకాణం వరకు కాంక్రీటు వచ్చింది. రేపు మా ఇంటి ముందుకు వస్తుంది. ఉదయం నుంచి కుర్చీ వేసుకొని గేటు దగ్గరే కూర్చున్నాను. అంబలి వలె జారే ఆ ముద్దను పొడవాటి ఇనుప పట్టెతో ఇద్దరు మనుషులు అటూ ఇటూ లాగుతుంటే అది అద్దం వలె చదునైపోవడం చూడవలసిన దృశ్యం.

తరువాత జరిగిన పని మాత్రం నాకు నచ్చలేదు. టైర్లు జారకుండా పచ్చి కాంక్రీటు మీద అడ్డంగా చారలు గీస్తారు. మేస్త్రి ఉప్పలయ్య ఒక గట్టి చీపురు పట్టుకొని ఇష్టం వచ్చినట్లు గుంజుకుంటూ పోతున్నాడు. ఒక చార దగ్గర, ఒక చార దూరం. పలక పట్టిన మొదటి రోజు పిల్లవాడు కూడా అంతకంటె నయంగా గీస్తాడు.

"ఉప్పలయ్యా, ఇవేమి గీతలు?" అన్నాను.

"బండి జారకుండ సార్. గీత వంకరుంటె బండికేమన్న సిగ్గయితదా?"

"నాకు అవుతుంది," అన్నాను.

అప్పటికప్పుడు వడ్రంగి దగ్గరకు వెళ్ళి, ఒక పొడవాటి చెక్కకు నా స్కేలు పెట్టించి, వేలెడు వేలెడు దూరంలో మేకులు కొట్టించి, పిడి బిగించి తెచ్చాను. రేపటి నుంచి చీపురు పనికిరాదని చెప్పాను. ఉప్పలయ్య ఆ చెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్ చెప్పినంక తప్పుతదా? సూడుండ్రి, మొత్తం రోడ్డును గీతల కాపీ లెక్క చేస్త," అన్నాడు.

టీ తెచ్చిన భారతి గేటు మీద చెయ్యి వేసి నవ్వింది. "రోడ్డుతోని గూడ దస్తూరి రాయిస్తాండ్రా సారూ? రేపు మార్కులేస్తరా ఏంది?"

నా భార్య నన్ను సారూ అని పిలవడం ముప్పయ్యేళ్ళ అలవాటు. అందులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో నేటికీ నిర్ణయించలేకపోయాను.

డిసెంబరు 6

ఉదయం లేచి చూస్తే రాయి.

నిన్న సాయంత్రం వేలు పెడితే దిగిపోయేది. నేడు కర్రతో కొడితే కర్ర తిరిగి వస్తున్నది. నిప్పు లేదు, సమ్మెట లేదు. నీరు తాగి రాయి అయింది. నా పాత విద్యార్థిని శ్రీలత ఒకసారి చెప్పింది, కాంక్రీటు ఆరిపోయి గట్టిపడదట, నీటిని తనలో కలుపుకొని గట్టిపడుతుందట. అందుకే ఉప్పలయ్య మనుషులు రోడ్డంతటా చిన్న చిన్న మట్టి గట్లు కట్టి నీరు నింపారు. ప్రతి మడిలో కొంచెం ఆకాశం ఉన్నది.

మా ఇంటి ముందు గీతలు ముద్రించిన పుస్తకంలోని పంక్తుల వలె ఉన్నాయి. వంగి, అరచేయి ఆనించి, చాలాసేపు ఉండిపోయాను.

జనవరి 9

రోడ్డు తెరిచారు. "మెల్లగా వెల్లండి" అని బోర్డు పెట్టారు. పెయింటరును పిలిపించి, "వెళ్ళండి" అని దిద్దించిన తరువాతే కొబ్బరికాయ కొట్టనిచ్చాను.

శ్రీలత వచ్చింది. పదవ తరగతిలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు ఇంజనీరింగు కళాశాలలో పాఠాలు చెబుతున్నది. సిమెంటు రోడ్ల నునుపూ చప్పుడూ కాలం గడిచిన కొద్దీ ఎట్లా మారుతాయో కొలవడం ఆమె పరిశోధన. మా రోడ్డును కూడా అందులో చేర్చుకున్నది. ఆరు నెలలకొకసారి వస్తుందట.

ఆమె తెచ్చిన వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. వెనుక చక్రం పక్కన, టైరుకు బెత్తెడు దూరంలో రెండు మైకులు కట్టి ఉన్నాయి. బంపరు కింద ఒక కాంతి కన్ను ఉన్నది. బండి నడుస్తుండగానే అది నేల మీది ఎగుడుదిగుళ్ళను, గోరు మందం కంటె తక్కువ వాటిని కూడా, చదువుతూ పోతుందట.

"డాక్టర్ నాడి వట్టి సూసినట్టు సార్," అన్నది శ్రీలత. "చెయ్యి ఒక తీరు చెప్తది, చెవి ఇంకో తీరు చెప్తది. రెండూ రాసుకుంటం."

వ్యాను మహిపాల్ దుకాణం దాటి మా ఇంటి ముందుకు రాగానే చక్రం కింద ఒక శ్రుతి లేచింది. ఒకటే శ్రుతి, తంబూరా మీటినట్లు. వేగం పెరిగితే పెరిగింది, తగ్గితే తగ్గింది. రాయి పాడుతుందని నాకు తెలియదు.

"విన్నావా భారతీ? తంబూరా!"

"తంబూర కాదు, దోమ," అన్నది భారతి. "లారంత దోమ."

ఫిబ్రవరి 20

ఈ రోజు తెలుసుకున్నది పూర్తిగా వ్రాయాలి.

శ్రీలత ఈసారి ఆరు నెలలు ఆగకుండానే, సూర్యోదయానికి ముందు వచ్చి రోడ్డును కొలిచింది. ఎండ ముదిరిన తరువాత మళ్ళీ వచ్చి అదే రోడ్డును అదే బండితో కొలిచింది. రెండు లెక్కలూ కలవలేదు. ఉదయం గతుకు ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ.

"యంత్రంలో లోపం," అన్నాను.

"కాదు సార్. పలకలు ముడుసుకుంటయ్, సాగుతయ్."

రోడ్డును పలకలు పలకలుగా కోసి విడదీస్తారు. రాత్రి చలికి పలక పై భాగం చల్లబడి కుంచించుకుంటుందట, కింది భాగం నేల వెచ్చదనంలో ఉంటుందట. అందుచేత తెల్లవారేసరికి అంచులు పైకి లేస్తాయి. ఎండ పడితే పై భాగం సాగుతుంది, అంచులు దిగుతాయి, నడుము లేస్తుంది. ప్రతి దినం, ప్రతి పలకా.

నేను నమ్మలేదు. నమ్మకపోవడం ఉపాధ్యాయుని ధర్మం. ఆమె నా చెయ్యి పట్టుకొని పలకల సందు మీద పెట్టించింది. ఉదయం వేలికి తగిలిన అంచు మధ్యాహ్నం తగలలేదు.

ఇన్నేళ్ళు పిల్లలకు జడము, చేతనము అని విడదీసి చెప్పాను. బండలు జడమని నల్లబల్ల మీద వ్రాయించాను. నా గుమ్మం ముందు, లారీలు ఎక్కి దిగుతున్నా చలించదనుకున్న ఈ రాయి, సూర్యుడు వస్తే ఒక విధంగా, పోతే ఒక విధంగా ఒళ్ళు సర్దుకుంటున్నది. దాని మీద చెయ్యి వేసి కూర్చున్నవాడికి, ఏదో పెద్ద జంతువు వీపు మీద చెయ్యి వేసినట్లు అనిపించింది.

భారతికి చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది.

"నా నడుము గూడ గంతే. పొద్దుగాల వట్టేస్తది, ఎండెక్కినంక సాగుతది. నన్ను కొలువనీకె మాత్రం ఎవ్వలు బండి తేరు."

జూలై 28

వారం రోజులు జ్వరం. నేడు లేచి కూర్చున్నాను. శ్రీలత ఈ విడత వచ్చి కొలిచి వెళ్ళిందట, చూడలేకపోయాను. చెవులలో ఏదో హోరు. నీరసం వలన.

ఆగస్టు 19

కుక్కరు ఈల పాడైంది. పప్పు మాడింది. కొత్త ఈల తెచ్చి పెట్టాను.

ఆగస్టు 24

కొత్త ఈల కూడా అంతే. కంపెనీల నాణ్యత ఇట్లా ఉన్నది.

అక్టోబరు 2

రోడ్డు గొంతు మారుతున్నది. తొలి దినాల పదును తగ్గింది. మా గేటు దగ్గర కూర్చుంటే ఇప్పుడు మెత్తని చప్పుడే, దూదిలో నడిచినట్లు. టైర్ల ఒరిపిడికి గీతల అంచులు నునుపెక్కి ఉంటాయి. కొత్త గాయకుని గొంతు సాధనతో పక్వమైనట్లు, మన కళ్ళ ముందే ఒక రాయి నేర్చుకుంటున్నది. ఈ మాట శ్రీలతకు చెప్పాలి.

మహిపాల్ దుకాణానికి చక్కెర కోసం వెళితే ఒక పరిహాసం ఆడాడు.

"సార్, నేను టీవీ అమ్మేసిన. మీ ఇంట్లకెల్లి వార్తలు మా దుకాన్లకు మంచిగ వినబడ్తానయ్."

కాలనీవారు పరాయి ఇళ్ళ సంగతులు వినడం మానుకోవాలి.

జనవరి 16

రోడ్డుకు ఏడాది నిండింది. శ్రీలత కొలిచింది. గొంతు పక్వమైన సంగతి చెప్పాను. ఆమె కంప్యూటరు వైపు చూసి, నా వైపు చూసి, కొంచెం తడబడింది.

"తగ్గలేదు సార్. జర పెరిగింది. సందులు అరిగినయ్, గతుకు గూడ పెరిగింది."

యంత్రాన్ని చేసినవాడు కూడా మనిషే. మరమ్మతు చేయించుకొమ్మని చెప్పాను. సరే సార్ అన్నది. వినయం గల పిల్ల. కాని ఈ మధ్య మాట మింగుతున్నది. ఒక్క శ్రీలతే కాదు, అందరూ అంతే. పదం చివరికి వచ్చేసరికి గొంతు దించేస్తారు. ఉచ్చారణ మీద శ్రద్ధ లోకంలో నశించింది.

మార్చి 27

ఈ యేడు కోకిల రాలేదు.

ఏప్రిల్ 15

భారతి తన మంచాన్ని ముందు గది నుంచి వంటింటి పక్క గదిలోకి మార్చుకున్నది. తలనొప్పి అంటున్నది. దవాఖానలో బిళ్ళలు ఇచ్చారు, తగ్గలేదు. రోడ్డు మీద బండి పోయినప్పుడల్లా చెవిలో సూది దించినట్లు ఉంటున్నదట. మధ్యాహ్నం కునుకు కూడా పట్టడం లేదట.

"ఏ చప్పుడు భారతీ? రోడ్డు ఇప్పుడెంత నెమ్మదిగా ఉన్నది!"

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెవుల డాక్టర్ దగ్గరికి పోదాం పాండ్రి."

"నీకు తలనొప్పి అయితే చెవుల డాక్టరెందుకు?"

"నాకు కాదు సారూ."

నాకు అవసరం లేదని చెప్పాను. నేను మాట్లాడినప్పుడు నా మాట నాకు స్పష్టంగా వినబడుతున్నది.

జూన్ 5

సంఘ సమావేశం. శ్రీలత ఒక ప్రతిపాదన తెచ్చింది. పెద్ద రహదారి పని కోసం ఒక యంత్రం వస్తున్నదట. దాని కడుపులో వజ్రపు పొడి అతికించిన చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. అది కాంక్రీటు పై పొరను నాణెం మందాన చెక్కివేసి, అడ్డగీతల స్థానంలో నిలువుగా సన్నని చారలు కోస్తుంది. గతుకూ పోతుంది, కూతా పోతుంది. పరిశోధన కోసం మా రోడ్డు మీద ఉచితంగా నడిపిస్తారట. సంఘం అంగీకరించాలి, అధ్యక్షుడు సంతకం చేయాలి. నెలాఖరుకు యంత్రం వెళ్ళిపోతుంది.

అందరూ చేతులెత్తారు. నేను ఎత్తలేదు. కాలనీలో అంత అందమైన గీతలు మరెక్కడ ఉన్నాయి? బాగున్న అక్షరాన్ని చెరిపివేసే పనికి నా సంతకం ఉండదని చెప్పాను.

ఇంటికి వచ్చిన తరువాత భారతి కంచం పెట్టింది. అన్నం వడ్డించి, నా కళ్ళలోకి చూస్తూ, ఒక్కొక్క మాటే విడదీసి అన్నది.

"ఆ కూతల నేను ఉండలేను. సంతకం వెట్టుండ్రి, లేకుంటె నన్ను డోర్నకల్ పంపుండ్రి."

జూన్ 9

భారతి డోర్నకల్ వెళ్ళింది, తమ్ముడు రమాకాంత్ ఇంటికి. అతడు రైల్వేలో పనిచేస్తాడు. ఇల్లు స్టేషను పక్కనే. రాత్రింబవళ్ళు గూడ్సు బండ్లు పోతుంటాయి. అక్కడ నిద్ర పడుతుందట, ఇక్కడ పట్టదట!

రైలు ఎక్కే ముందు ఇదే అడిగాను.

"రైలు చప్పుడు వస్తది, పోతది," అన్నది. "మన రోడ్డుది కొస లేని కూత. మీ పుణ్యాన మీకు వినబడది."

చివరి మాటకు రైలు కదిలింది. ఆమె నవ్వలేదు.

జూన్ 10

రమాకాంత్ ఫోను చేశాడు. ఏమి చెప్పాడో తెలియలేదు. డోర్నకల్‌లో ఫోన్లు బాగా పనిచేయవు.

జూన్ 12

భారతి లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నది. ఇంతకు ముందూ నిశ్శబ్దంగానే ఉన్నది. రెండు నిశ్శబ్దాలకూ ఉన్న భేదాన్ని ఒక వాక్యంలో పెట్టాలని ఉదయం నుంచి ప్రయత్నిస్తున్నాను. కుదరలేదు.

జూన్ 17

వాక్యాలు నిలబడతాయో లేదో తెలియదు. వ్రాస్తాను.

ఉదయం శ్రీలత వ్యాను తెచ్చి గేటు ముందు ఆపింది. చెయ్యి ఊపుతూ రమ్మన్నది.

"ఒక్క రౌండు నా పక్కన కూసోండ్రి సార్. రోడ్డు మీది కదా, ఎప్పుడన్న దాని మాట విన్నరా?"

వినకపోవడమేమిటి, ఏడాదిన్నరగా వింటున్నానని చెప్పి ఎక్కాను. ఆమె నా చెవులకు పెద్ద గిన్నెల వంటివి తగిలించింది. చక్రం పక్కనున్న మైకులకు వినబడేది నాకూ వినబడుతుందట. డ్రైవరుకు సైగ చేసింది. ఒక మీటను మెల్లగా తిప్పుతూ, కంప్యూటరు వైపు కాకుండా నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నది.

మొదట వాన. నిజం వాన కాదు, టైరు కింద కాంక్రీటు మీద వేల చినుకులు రాలుతున్నట్లు. నేను కిటికీలో నుంచి పైకి చూశాను కూడా. ఆకాశం ఖాళీగా ఉన్నది. సందు వచ్చినప్పుడల్లా తలుపు తట్టినట్లు రెండు దెబ్బలు. ముందు చక్రానిది ఒకటి, వెనుక చక్రానిది ఒకటి. పలక తరువాత పలక. ఒక్కొక్క సందుది ఒక్కొక్క గొంతు. ఒకటి గట్టిది, ఒకటి బోలుది. ఎక్కడో చిన్న రాయి టైరు పళ్ళలో ఇరుక్కొని టిక్కుటిక్కుమంటున్నది. అదీ వినబడింది! నేల మీద ఇంత పెద్ద సంభాషణ నడుస్తున్నదని, దాని పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్న నాకు తెలియదు.

మహిపాల్ దుకాణం వచ్చింది. దాటింది.

కూత లేచింది.

అది తంబూరా కాదు. మొదటి రోజు నేను విన్నది దీని నీడ మాత్రమే. ఇది సన్నగా, సూటిగా, ఊపిరి తీసుకోకుండా, తల లోపలి గోడను గీస్తూ పోయే శబ్దం. మా గేటు ముందు, మా కిటికీ ముందు, భారతి మంచం ఉండిన గోడ ముందు నుంచి పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. భయంతో కాదు. ఇంత అఖండమైన నాదాన్ని ఒక రాయి నుంచి రప్పించవచ్చునా అన్న విభ్రమంతో. చేతులు జోడించాలనిపించింది, చెవులు మూసుకోవాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి.

"ఇది ఎప్పుడు రికార్డు చేసింది?" అన్నాను.

"రికార్డు కాదు సార్. గిది ఇప్పటిదే."

గిన్నెలు తీశాను. వ్యాను నడుస్తూనే ఉన్నది. మెత్తని దూది చప్పుడు. తగిలించాను, కూత. తీశాను, దూది. తగిలించాను.

ఎన్నిసార్లు అట్లా చేశానో తెలియదు.

రోడ్డు చివర బండి ఆపి కంప్యూటరులో ఒక బొమ్మ చూపింది. చప్పుడును విడివిడి శ్రుతులుగా విప్పి గీసిన బొమ్మ. దుకాణం వరకు చిన్న చిన్న గుట్టలు, ఏదీ ఎత్తు కాదు. దుకాణం దాటిన తరువాత, ఆ గుట్టల నడుమ నిటారుగా ఒక్క తాటిచెట్టు.

"ఎందుకు అట్లా?" అని అడిగాను. ఉపాధ్యాయుడు విద్యార్థిని అడిగినట్లు కాదు.

ఆమె నా చెవికి దగ్గరగా వంగి, నిదానంగా చెప్పింది. చీపురు చారలు ఎట్లపడితే అట్ల ఉంటాయి కనుక టైరు తగిలిన దెబ్బలన్నీ చెదిరిపోతాయట. దేని శ్రుతి దానిది, కలిసి ఒక కూత కాలేవు. దూరాలు సమానమైతే దెబ్బ మీద దెబ్బ ఒకే లయలో పడి ఒకే గొంతవుతాయట.

"ఎవలో గాని సార్, స్కేలు వెట్టి మరీ గీయించిండ్రు. పాపం, అందం కోసమే చేసి ఉంటరు."

అవును, అందం కోసమే.

కిందికి దిగి ఆ గీతల మీద కూర్చున్నాను. బండ్లు పక్క నుంచి పోతున్నాయి. మేకుల చెక్క ఒకటి, రాయి అంతటినీ ఒక్క కంఠంతో అరిపించింది. ఆ అరుపు కాలనీ అంతా వింటున్నది. వినబడనివాణ్ణి నేనొక్కణ్ణే.

జూన్ 18

కుక్కరు ఈల పాడవలేదు.

జూన్ 20

సంఘాన్ని మహిపాల్ దుకాణం ముందే పిలిచాను. సంతకం చేశాను. మేకుల చెక్క చేయించినది నేనేనని నిలబడి చెప్పాను.

మహిపాల్ నాకు వినబడేటట్లు అరిచాడు. "మాకు ఎరుకే సార్! చెక్క పట్టుకొని మా దుకాన్ ముంగటికెల్లే కదా పోయిండ్రు!"

"ఎరుక ఉంటే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పి ఎవలు బతుకుతరు? చెప్పిన మాటల తప్పులు దిద్ది వాపస్ ఇస్తరు!"

అందరూ నవ్వారు. నవ్వడం చూశాను. నాకు కూడా నవ్వు వచ్చింది. నా నవ్వు ఒక్కటే నాకు వినబడింది.

వెళుతూ వెళుతూ అతడు నా భుజం మీద చెయ్యి వేసి, ఈసారి మెల్లగా, పెదవులు బాగా కదిలిస్తూ అన్నాడు. "అమ్మను తోల్కరాపోండ్రి సార్. ఫికర్ చేయకుండ్రి."

జూన్ 22

నేడు తపాలాలో వేసిన ఉత్తరానికి నకలు.

చిరంజీవి సౌభాగ్యవతి భారతికి,

ఫోను చేయకుండా వ్రాయడానికి కారణం నీకు తెలుసు. రమాకాంత్ ఫోనులో ఏమి చెప్పాడో నాకు తెలియలేదు. అతడి ఊరి ఫోన్లలో ఏ దోషమూ లేదు.

సంతకం చేశాను. ఆ కూత విన్నాను, ఒకే ఒక్కసారి, శ్రీలత యంత్రంతో. నీవు సూది అన్నావు. సూది చిన్న మాట. ఇన్ని నెలలు దాని పక్కన పడుకొని, వంట చేసి, నాతో నవ్వుతూ మాట్లాడిన నీ ఓర్పును కొలిచే పరికరం ఆ వ్యానులో లేదు.

సోమవారం నుంచి యంత్రం నడుస్తుంది. కూత పోయిన తరువాత వస్తానని నీవు అనుకోవచ్చు. అట్లా వద్దు, ఆదివారమే రా. పోయినది పోయిందని నాకు తెలియదు భారతీ. నాకు నేడూ దూదే, సోమవారం తరువాతా దూదే. శ్రీలత అంకెలు చూపుతుంది. అంకెలు నాకు చాలవు. ముందు ఎట్లా ఉన్నదో, తరువాత ఎట్లా ఉన్నదో నీవు పక్కన కూర్చొని చెబితే తప్ప, నా గుమ్మం ముందు జరిగే ఇంత వింత నాకు జరగనట్లే.

చెవుల డాక్టరు మంగళవారం రమ్మన్నాడు. ఆయన మాట నాకు ఎంత అందుతుందో తెలియదు. నీవు రావాలి.

ఒక్క ప్రార్థన. ఈ ఉత్తరాన్ని అక్కడ మనసులో చదువుకున్నా, వచ్చేటప్పుడు వెంట తీసుకొని రా. ముందు గదిలో నా ఎదురుగా కూర్చొని పైకి చదువు. నీ పెదవులు చూడకుండా కళ్ళు మూసుకొని వింటాను. ఏ మాట దగ్గర వినబడలేదో అక్కడ చెయ్యి ఎత్తుతాను, బడిలో పిల్లల వలె. విసుక్కోకుండా ఆ మాట మళ్ళీ చదువు. నిదానంగా, బిగ్గరగా, మొదటి నుంచి చివరి వరకు చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాను.